ఆకురాయి మీద విచారణ

ఇరవై తొమ్మిదేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి గురించి చెప్పుకోవడానికి ఒక ఆకురాయి గొడవ తప్ప ఇంకేమీ లేదంటే, ఆ మనిషి ఎంతటివాడో ముందే తెలిసిపోతుంది. అయినా చెబుతాను. ఆయన బల్లకి అయిదడుగుల దూరంలో కూర్చుని పదకొండేళ్లు టైపు కొట్టినదాన్ని నేను. ఆయన గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఆయన భార్య ఒక్కతే ఉండాలి.

మాది నీళ్ల పంపులు తయారుచేసే కంపెనీ. కింద వర్క్‌షాపు, పైన ఆఫీసు. ఆఫీసుకి ఆయన పెద్ద గుమాస్తా. ఎదురుగా సార్ అనేవాళ్లం, వెనకాల నిఘంటువు అనేవాళ్లం. ఖాకీ అట్ట వేసిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఎప్పుడూ ఆయన కుడిచేతి పక్కన ఉండేది. దాన్ని ఊడ్చే ఆవిడ కూడా తాకకూడదు. రోజూ పొద్దున ఆయనే జేబురుమాలుతో తుడుచుకునేవాడు. తుడవడమైతే రోజూ తుడిచేవాడు గానీ చదివింది మాత్రం తక్కువని నాకు తర్వాత తెలిసింది.

మేనమామ సిఫారసు చేస్తే గేటు దగ్గర టైమ్‌కీపరుగా చేరాడు. డిగ్రీ సగంలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే, ‘‘మా కాలేజీలో నాకు పాఠం చెప్పగలిగినవాళ్లు లేరు’’ అనేవాడు. పైదేశపు కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాయాల్సి వచ్చి, రాసేవాళ్లు లేక, మేనేజరు ఈయన్ని పైకి పిలిచాడు. అలా ఎక్కినవాడు మళ్లీ కిందికి దిగలేదు. నిజంగానే దిగలేదు. వర్క్‌షాపు గుండా వెళ్తే ఆయిలు వాసన బట్టలకి పడుతుందని, ఇంటికి వెళ్లడానికి కూడా వెనక మెట్లు వాడేవాడు.

ఆయన చేసే పని దిద్దడం. కాగితం ఏదైనా సరే, ఎర్ర సిరా పడకుండా ఆయన బల్ల దాటేది కాదు. ఒకసారి లేతు మీద పనిచేసే ఒకాయన, తల్లికి సీరియస్‌గా ఉంది, రెండు రోజులు సెలవు కావాలి అని రాశాడు. ఈయన దాని పక్కన ఎర్రగా ఇలా రాసి వెనక్కి పంపాడు: ‘‘సీరియస్ అంటే గంభీరంగా ఉండటం. మీ తల్లి గంభీరంగా ఉంటే మీకు సెలవెందుకు?’’ పాపం అతను ఆ కాగితాన్ని మూడుసార్లు తిరగరాశాడు. పొద్దున వెళ్లాల్సిన మనిషి సాయంత్రం వెళ్లాడు. ఆ రోజు ఈయన మధ్యాహ్నం టీ తాగుతూ ఆ ముచ్చట నాకు రెండుసార్లు చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. నా ఉద్యోగం నాకు కావాలి కదా.

ఇక ఆకురాయి సంగతి.

కింద ఫిట్టర్ల బెంచీల దగ్గర ఒకే ఒక ఆడమనిషి ఉండేది. నలభై దాటిన వయసు, భుజాలు గట్టివి, మాట తక్కువ. అందరికీ ఆవిడ పిన్ని. వాళ్ల నాన్న కూడా ఫిట్టరే. ఆయన ముగ్గురు కొడుకుల్నీ కాదని ఈవిడని ట్రైనింగ్ స్కూల్లో చేర్పించాడు. కొడుకులు లేక కాదు, కొడుకులకి చేయి కుదరక. పంపులో తిరిగే ఇరుసుకీ, దాని మీది చక్రానికీ మధ్య వేలెడంత ఉక్కు ముక్క ఒకటి బిగిస్తారు. దాన్ని కీ అంటారు. అది వదులైతే ఇరుసు తిరుగుతుంది, చక్రం తిరగదు. ఆ ముక్కని బెంచీకి ఉన్న ఇనప పట్టులో, అంటే వైసులో బిగించి, ఆకురాయితో రుద్ది రుద్ది, గాడిలో వెంట్రుక దూరనంత సరిగ్గా కూర్చోబెట్టడం పిన్ని పని. ఆవిడ చేతి మీదుగా వెళ్లిన పంపు ఆ తప్పుతో వెనక్కి వచ్చిందని నేను ఎప్పుడూ వినలేదు.

ఆవిడ ఆకురాళ్లు అరిగిపోయాయి. మామూలుగా అయితే స్టోరువాళ్లకి నోటితో చెబితే తెచ్చేవాళ్లు. కానీ ఆ ఏడాదే మా నిఘంటువు ఒక సర్క్యులర్ తీశాడు. ఇకనుంచి ఏ వస్తువు కావాలన్నా చీటీ రాయాలి, అదీ ఇంగ్లీషులో రాయాలి, ఆ చీటీ ఆయన చూసి సంతకం పెట్టాలి. పిన్ని మన భాషలో ‘ఆకురాళ్లు ఆరు’ అని రాసింది. ఇంగ్లీషులో రాయమని ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. ఆకురాయిని ఇంగ్లీషులో ఫైలే అంటారు గనక, సరే అని ‘ఫైళ్లు ఆరు’ అని ఇంగ్లీషులో రాసింది. ఈసారి సంతకమైంది. మర్నాడు కిందికి ఆరు అట్ట ఫైళ్లు వెళ్లాయి, దారం ట్యాగులతో సహా.

వర్క్‌షాపంతా రెండు రోజులు నవ్వుకున్నారు. పిన్ని మాత్రం నవ్వలేదు. బోడిగా అరిగిన ఆకురాయితో పని చేస్తున్న మనిషికి నవ్వేం వస్తుంది? ఆ ఆరు ఫైళ్లూ తిప్పి పంపించి, ఇంకొక చీటీ రాసింది. మళ్లీ పొరపాటు జరగకూడదని, ట్రైనింగ్ స్కూల్లో నేర్పినట్టు, పెట్టె మీద అచ్చేసినట్టు, పెద్దక్షరాల్లో పూర్తి పేరు రాసింది. బాస్టర్డ్ ఫైలు, ఫ్లాట్, పన్నెండు అంగుళాలు, ఆరు, అర్జెంట్.

ఆ చీటీ చదివినప్పుడు ఆయన ముఖం నేను చూశాను. చెవుల దాకా ఎర్రబడింది.

‘‘చూశావా, చూశావా దీని పొగరు?’’ అంటూ చీటీ నా బల్ల మీద పడేశాడు. ‘‘నేను పంపిన ఫైళ్లని పట్టుకుని బాస్టర్డ్ ఫైళ్లట. సినిమాల్లో దొంగవెధవల్ని తిట్టే తిట్టు. ఒక ఆడది. కాగితం మీద.’’

‘‘కింద ఇంకేదో రాసింది కదా సార్, అంగుళాలని...’’

‘‘అదే చెబుతున్నా. ఫ్లాట్ అంటే ఏమిటి? నేల మీద పరిచేస్తానని. పన్నెండంగుళాలట. బెదిరింపు కాక ఇంకేమిటి? ఆరు అంటే నేను పంపిన ఆరు. లెక్క కూడా వేసి తిట్టింది. కాగితం ఎక్కించు.’’

నేను మిషన్లో కాగితం ఎక్కించాను. ఆయన చెబుతుంటే టైపు కొట్టాను. అధికారిక పత్రంలో అసభ్య పదజాలం వాడినందుకు, పై అధికారిని దూషించి భయపెట్టినందుకు నీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలియజేయవలెను. మూడు కార్బన్ కాపీలు. దాన్ని నేనే తీసుకెళ్లి చేతికివ్వాలట, సంతకం తీసుకోవాలట. ఆయనైతే దిగడు కదా.

పిన్ని బెంచీ కిటికీ పక్కన ఉండేది. నేను వెళ్లేసరికి కాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఆనించి రుద్దుతోంది. ముందుకు తోసినప్పుడే బరువు, వెనక్కి లాగినప్పుడు లేదు. సన్నటి ఇనుప రజను వైసు కింద బూడిదలా పడుతోంది. మెమో చేతికిచ్చాను. గుడ్డతో చేతులు తుడుచుకుని, పెదాలు కదుపుతూ చదివింది.

‘‘ఏంటమ్మాయ్ ఇది?’’

‘‘సార్ని ఆ మాట అన్నారట కదా పిన్నీ.’’

‘‘ఏ మాట?’’

‘‘అదే... చీటీలో మొదటి మాట.’’

ఆవిడ నా ముఖంలోకి కాసేపు చూసింది. వేళాకోళం ఆడుతున్నాననుకుంది కాబోలు. తర్వాత గోడకి ఉన్న చెక్క మీదనుంచి ఒక ఆకురాయి తీసి నా చేతిలో పెట్టింది. బరువుగా ఉంది. పిడి దగ్గర, పళ్లు మొదలయ్యే చోట, అక్షరాలు కొట్టి ఉన్నాయి. సగం అరిగినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఆ మాటే.

‘‘ఆ పేరు మా అయ్య పెట్టలేదు’’ అంది పిన్ని. ‘‘చేసినవాడే కొట్టి పంపాడు. ఇదిగో, వేలు పెట్టి చూడు. ఇది రఫ్. పళ్లు పెద్దవి, ఇనుముని కొరికేస్తుంది. ఇది సెకండ్ కట్. ఇది స్మూత్, ఆఖరి మెరుగుకి. నీ చేతిలోది రఫ్ అంత మోటు కాదు, సెకండంత సన్నం కాదు. వరసలో దేనికీ చెందకుండా మధ్యలో పుట్టింది, అందుకని ఆ పేరంట. మా సారు స్కూల్లో చెప్పాడు. పేరెలా ఉంటే ఏంటి, మా పనిలో ముప్పాతిక దీనితోనే.’’

‘‘ఇదే సార్‌కి చెప్పేయండి పిన్నీ, అయిపోతుంది.’’

‘‘నువ్వే చెప్పు. నాకు పనుంది’’ అని సంతకం పెట్టి, మళ్లీ వైసు వైపు తిరిగింది.

పైకెళ్లి చెప్పాను. ఆయన వినకముందే తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు. నిఘంటువు తీసి, వేలితో వరస పట్టుకుని, నాకు పాఠం చెప్పాడు. ఫైలు అనే మాట లాటిన్‌లో దారం అనే మాట నుంచి వచ్చిందట. పూర్వం కాగితాల్ని దారానికో తీగకో గుచ్చి దాచేవాళ్లట. మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడితే దాన్నీ ఫైలు అంటారట, దారంలా ఉంటుంది గనక. ‘‘కాబట్టి ఫైలంటే కాగితాలు. ఇనప ముక్కకి దారంతో ఏం సంబంధం? వర్క్‌షాపులో వాళ్లు నోటికొచ్చిందల్లా ఇంగ్లీషనుకుంటారు. నువ్వూ దానికి తోడు.’’

మర్నాడు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు, చేతులు కడుక్కుని వచ్చి మరీ ఆ నిఘంటువు తెరిచాను. ఆయన చదివింది ఒక పేజీ అడుగున ఉంది. పేజీ తిప్పాను. అంతే, తిప్పాను. తర్వాతి పేజీ మొదట్లో అదే స్పెల్లింగుతో ఇంకొక ఫైలు ఉంది. దానికి వేరే అంకె, వేరే పుట్టుక. అది లాటిన్ నుంచి రాలేదు, దారంతో చుట్టరికమే లేదు. ఇంగ్లీషువాళ్ల సొంత పాత మాట, కమ్మరుల మాట, కాగితాల ఫైలు కంటే ఎన్నో వందల ఏళ్ల ముందునుంచీ ఉన్నది. పైకి ఒకేలా కనిపించే ఇద్దరు వేరువేరు కుటుంబాలవాళ్లన్నమాట.

ఇక ఆయన తిట్టన్న ఆ మాట కూడా వెతికాను. మొదట తల్లిదండ్రులకి పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ అనే ఉంది. ఎక్కడినుంచి వచ్చిందో పండితులకే నిశ్చయంగా తెలియదట. పాత ఫ్రెంచిలో బాస్ట్ అంటే జీనట, దారి సత్రాల్లో గాడిదలు తోలేవాళ్లు జీను దింపి దాని మీదే పడుకునేవాళ్లు గనక, జీను మీద కలిగిన బిడ్డ అనే అర్థం కావచ్చునని ఒక ఊహ రాశారు. ఆ తర్వాత చిన్నక్షరాల్లో, మామూలు కొలతకీ మామూలు రకానికీ చెందని వస్తువు దేనికైనా పనివాళ్లు ఆ మాట వాడేవాళ్లని ఉంది. గుడ్డలకి, కత్తులకి, అచ్చు అక్షరాలకి కూడా. దాని కింద ఆకురాయి పేరు స్పష్టంగా ఉంది. మోటుకీ సన్నానికీ మధ్యరకం అని.

ఆ రెండు చోట్లా కాగితం ముక్కలు పెట్టి, ఆయన రాగానే చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండూ చదివాడు. రెండోది రెండుసార్లు చదివాడు. కాగితం ముక్కలు రెండూ తీసి చెత్తబుట్టలో వేసి, పుస్తకం మూసి, జేబురుమాలుతో తుడిచాడు.

‘‘ఈ ఎడిషన్‌లో తప్పులున్నాయి’’ అన్నాడు.

మనిషి మీద అసహ్యం ఒక్కసారిగా పుట్టదంటారు. నాకు ఆ క్షణంలోనే పుట్టింది. అంతవరకూ నేను ఆయన్ని తెలివైన మూర్ఖుడనుకునేదాన్ని. తెలివి కూడా లేదని, మూర్ఖత్వంలో కూడా నిజాయితీ లేదని అప్పుడు తెలిసింది. తప్పని తెలిశాక కూడా మెమో వెనక్కి తీసుకోలేదు. విచారణకి తారీఖు వేశాడు.

ఈలోగా విషయం పిన్ని ఇంటిదాకా వెళ్లింది. పై అధికారిని బూతులు తిట్టిందని ఎవరో మోశారు. మంచం మీద కూర్చుని వత్తులు చేసినట్టు మాటలు సన్నగా సాగదీసే అత్తగారు ఆవిడకి. ‘‘అంతమాట ఏమన్నావే?’’ అని అడిగిందట. ‘‘ఆకురాయి అన్నానత్తయ్యా’’ అందట పిన్ని. ముసలావిడ చాలాసేపు ఆలోచించి, ‘‘మీ మామగారిని నేను అంతకంటే పెద్ద మాటలే అన్నాను, ఆయన ఒక్కరోజు కూడా కాగితం రాయలేదు’’ అందట. ఈ సంగతి పిన్నే నాకు చెప్పింది. ఆ గొడవ మొత్తంలో ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

విచారణ మేనేజరు గదిలో జరిగింది. మేనేజరు చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు. ఎవరు ఎక్కువసేపు మాట్లాడితే వాళ్ల పక్షం. నేను మూల కూర్చుని రాసుకుంటున్నాను. పిన్ని ఒక ఆకురాయిని గుడ్డలో చుట్టి తెచ్చి, విప్పి బల్ల మీద పెట్టింది.

‘‘ఆయుధం తెచ్చినట్టు రాసుకో’’ అన్నాడు మా నిఘంటువు నాతో. నేను రాసుకున్నాను.

మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి, అక్షరాల దగ్గర ఆగాడు. ‘‘ఏమయ్యా, దీని పేరే అదటగా. ఇక్కడే కొట్టి ఉంది.’’

‘‘ఉండవచ్చు సార్. కానీ వస్తువు పేరుగా రాసిందా, తిట్టుగా రాసిందా అన్నది ఉద్దేశానికి సంబంధించిన విషయం. అసలు ఫైలు అనే మాట లాటిన్‌లో...’’ అని దారం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. అంతకుముందు నేను చూపించిన పేజీ ఎప్పుడూ చూడనట్టే, అంతే ధీమాగా, అదే గొంతుతో పావుగంట మాట్లాడాడు. పిన్ని నిలబడే వింది. ఆయన ఆగాక మేనేజరు ఆవిడ వైపు చూశాడు.

‘‘నువ్వేమైనా చెబుతావా?’’

‘‘తిట్టాలనుకుంటే మన భాషలోనే తిడతాను సార్. ఇంగ్లీషులో తిట్టేంత ఓపిక నాకు లేదు.’’

మేనేజరు నవ్వబోయి దగ్గాడు. పిన్ని మళ్లీ అంది, ఈసారి నిఘంటువుతోనే. ‘‘సార్, ఒక్కసారి కిందికొచ్చి చూడండి. నాలుగు రకాలూ చేతిలో పెడతాను. అయిదు నిమిషాలు.’’

‘‘నాకు అవసరం లేదు’’ అన్నాడాయన.

తీర్పు ఎలా వచ్చిందంటే, పిన్నికి శిక్ష లేదు, ఈయనకి అవమానం లేదు. ఆ మాట మాత్రం ఇకమీద కంపెనీ కాగితాల మీద కనబడకూడదు. దాని బదులు ఇంటర్మీడియట్ ఫైలు అని రాయాలి. ఆ పేరు మా నిఘంటువే కనిపెట్టాడు. గది బయటికి వచ్చాక నాతో, ‘‘ఒక మాటని సంస్కరించడం చిన్న విషయం కాదు’’ అన్నాడు. ఎవరెస్టు ఎక్కి దిగినవాడిలా ఉన్నాడు.

ఇంటర్మీడియట్ ఫైలంటే ఏమిటో సామాన్లు అమ్మే కొట్టువాడికి తెలియలేదు. వివరం అడుగుతూ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఈయన వ్యాకరణం దిద్ది వెనక్కి పంపాడు. విసిగిపోయిన కొట్టువాడు ఆరు స్మూత్ ఆకురాళ్లు పంపించాడు. మెరుగు పెట్టేవాటితో ఇనుము తీయాలి ఇప్పుడు. గంటలో అయ్యే పని సగం పూట పట్టింది. పిన్ని మూడు వారాలు అలాగే చేసింది. కుడి భుజం పట్టేసింది. పని వెనకబడుతోందని పైనుంచి ఇంకొక మెమో వచ్చింది. అదీ నేనే టైపు చేశాను.

ఒక రోజు పొద్దున పిన్ని వైసు తుడిచి, నూనె రాసి, బెంచీ మీద రజను అంతా బ్రష్‌తో ఊడ్చి, రాజీనామా కాగితం పైకి పంపింది. మా నిఘంటువు దాన్ని చదివి, మూడు చోట్ల ఎర్ర సిరాతో దిద్ది, సాపు రాసి మళ్లీ పంపమన్నాడు. కాగితం పట్టుకుని నేను కిందికి వెళ్లేసరికి ఆవిడ గేటు దాటిపోయింది.

తర్వాత ఆ బెంచీ దగ్గర ఇద్దరు మారారు. ఏడాది తిరక్కుండానే పంపులు వెనక్కి రావడం మొదలైంది. ఇరుసు తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు అని ఫిర్యాదులు. వాటన్నిటికీ ఈయన చక్కటి ఇంగ్లీషులో విచారం వ్యక్తం చేసేవాడు. ఒక ఉత్తరంలో వాడిన విశేషణం ఇంకొక దాంట్లో వాడేవాడు కాదు. కొన్నవాళ్లకి నీళ్లు రాలేదు గానీ, ఉత్తరాలు మాత్రం బాగుండేవి.

ఆయన రిటైరైన రోజు నలభై నిమిషాలు మాట్లాడాడు. రిటైర్ అనే మాట ఎక్కడ పుట్టిందో చెప్పాడు. అందరూ ప్లేట్ల వైపు చూస్తూ విన్నారు. పెద్దాయన పోతున్నాడని ఎవరూ కంటతడి పెట్టలేదు. లేతు ఆయన టిఫిను అందగానే వెళ్లిపోయాడు.

రెండు నెలల తర్వాత పెన్షను కాగితాల మీద సంతకం కోసం వాళ్లింటికి వెళ్లాను. ఇంగ్లీషు నేర్పబడును అని తలుపు పక్కన బోర్డు ఉంది. ఇద్దరు పిల్లలు చేరి, వారం తిరక్కుండా మానేశారట, ఇద్దరూ చుట్టాల పిల్లలే. ఆయన లోపల సంతకాలు పెడుతూ నా కాగితాల్లో కామాలు వెతుకుతుంటే, ఆయన భార్య నాకు మంచినీళ్లు తెచ్చి, గుమ్మంలో నిలబడి తల ఊపింది. నేను కుశలం అడిగితే చేత్తోనే జవాబు చెప్పింది. మాట రాదేమో అనుకున్నాను. బయటికి వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి మెల్లగా అంది. ‘‘ఏం మాట్లాడినా దిద్దుతారు. ఇంట్లో మాట్లాడటం మానేసి చాలా ఏళ్లయిందమ్మా. ఇక్కడ పర్లేదు.’’

పిన్ని రోడ్డు అవతల పేటలో ఒక చిన్న వర్క్‌షాపులో చేరింది. ఇప్పుడు నాలుగు బెంచీలకి ఆవిడే పెద్ద. ఈమధ్య మా ఇంటి పంపు పాడైతే తీసుకుని వెళ్లాను. గుర్తుపట్టి స్టూలు వేసింది. గోడకి ఆకురాళ్లు వరసగా తగిలించి ఉన్నాయి. మాటల్లో మా నిఘంటువు సంగతి ఎత్తాను. ఆయన మీద కోపం ఉందేమోనని.

‘‘ఎవరు? ఆ పైన కూర్చునే ఆయనా?’’ అని, గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు ప్రయత్నించింది. ‘‘ముఖం కూడా గుర్తు లేదమ్మాయ్. ఎర్ర సిరా ఆయనేగా?’’

‘‘ఆయనే.’’

పంపు మూత విప్పి, వేలితో లోపల తడుముతూ అడిగింది. ‘‘నాకు ఆ మెమో టైపు కొట్టింది నువ్వే కదూ? కొట్టేటప్పుడు ఏమనిపించింది నీకు?’’

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

‘‘టైపులో తప్పులు దొర్లకూడదనిపించింది పిన్నీ.’’

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు ఎక్కువసేపు లేదు. తర్వాత చేయి తుడుచుకుని, గురువారం వచ్చి పంపు తీసుకెళ్లమని చెప్పి, బెంచీ దగ్గరికి వెళ్లిపోయింది.